గడియారం గంట జరిగినప్పుడు: సిద్ధపడడం ఎలా, సర్దుకోవడం ఎలా

ఏడాదికి రెండుసార్లు గడియారాన్ని జరిపే దేశంలో మీరు నివసిస్తున్నా, అలాంటి దేశాల వారితో కలిసి పని చేస్తున్నా, డేలైట్ సేవింగ్ టైమ్ (వేసవిలో సాయంత్రపు వెలుతురు కోసం గడియారాన్ని గంట ముందుకు జరిపి, తరువాత వెనక్కి తెచ్చే పద్ధతి) మార్పును ఒక్క రాత్రితో ముగిసే వ్యవహారంగా భావించకూడదు. గడియారం ఒక్క క్షణంలో గంట జరుగుతుంది. శరీరం ఆ గంటకు అలవాటు పడడానికి కొన్ని రోజులు పడుతుంది. ఇతర దేశాలతో ఉండే సమయపు తేడా మళ్ళీ కుదురుకోవడానికి కొన్ని వారాలు పట్టవచ్చు.

అన్నిటికంటే ముందు ఒక విభజనను మనసులో పెట్టుకోండి. మీరు చేసే పనుల్లో కొన్ని గడియారం చూపే వేళకు కట్టుబడి ఉంటాయి: బడి, రైలు, కార్యాలయం, వైద్యునితో అపాయింట్‌మెంట్. మరికొన్ని గడిచిన వ్యవధికి కట్టుబడి ఉంటాయి: 8 గంటలకు ఒకసారి వేసుకునే మందు, రాత్రి డ్యూటీకి రావలసిన వేతనం, పసిపాపకు పాలు పట్టే విరామం. మొదటి రకం పనులకు గడియారాన్ని సరిచేసుకుంటే సరిపోతుంది. రెండవ రకం పనుల్లో గడియారాన్ని నమ్మితే గంట తప్పుతుంది కాబట్టి విడిగా లెక్క వేసుకోవాలి. మీ శరీరం మాత్రం ఈ రెండింటిలో దేనినీ పట్టించుకోదు, అది వెలుతురును అనుసరిస్తుంది. ఇక్కడ ఇచ్చే సూచనలన్నీ ఈ విభజన మీదే ఆధారపడి ఉన్నాయి.

మొదటి పని: తేదీని, దిశను ఖాయం చేసుకోండి

అమెరికాలోనూ, కెనడాలోని అధిక భాగంలోనూ మార్చి రెండవ ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకు గడియారం 3కు జరుగుతుంది, నవంబర్ మొదటి ఆదివారం 2 గంటలకు వెనక్కి 1కి వస్తుంది. అమెరికాలో ఈ తేదీలు 2005 నాటి చట్టం ప్రకారం 2007 నుంచి అమలులో ఉన్నాయి. ఐరోపా సమాఖ్య దేశాలలోనూ బ్రిటన్‌లోనూ మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం మారుతుంది. అమెరికాలో ప్రతి సమయ మండలం తన స్థానిక 2 గంటలకు విడివిడిగా మారితే, ఈ ఐరోపా దేశాలన్నీ ఒకే క్షణంలో, అంటే యూటీసీ (ప్రపంచమంతటికీ ప్రమాణంగా వాడే సమయం) ప్రకారం 1 గంటకు మారతాయి. కాబట్టి మార్చిలో ఆ క్షణాన లండన్‌లో 1, బెర్లిన్‌లో 2, ఏథెన్స్‌లో 3 గంటలు అవుతుంది.

దక్షిణార్ధగోళంలో ఋతువులు తారుమారు కాబట్టి దిశ కూడా తారుమారవుతుంది. సిడ్నీ, మెల్‌బోర్న్ నగరాలలో అక్టోబర్ మొదటి ఆదివారం గడియారం ముందుకు, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి జరుగుతుంది. న్యూజీలాండ్ సెప్టెంబర్ చివరి ఆదివారమే ముందుకు జరిపి, ఏప్రిల్ మొదటి ఆదివారం వెనక్కి జరుపుతుంది. ఆస్ట్రేలియాకు చెందిన లార్డ్ హౌ ద్వీపంలో గంటకు బదులు అరగంట మాత్రమే జరుపుతారు.

దేశం పేరు తెలిస్తే చాలదు, ప్రాంతం కూడా చూడాలి. అమెరికాలో హవాయి రాష్ట్రం, అరిజోనాలోని అత్యధిక భాగం గడియారాన్ని జరపవు, కానీ అరిజోనా లోపల ఉన్న నవాహో నేషన్ (నవాహో ఆదివాసీల స్వపరిపాలన ప్రాంతం) భాగం జరుపుతుంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌ల్యాండ్, పశ్చిమ ఆస్ట్రేలియా, నార్తర్న్ టెరిటరీ ఈ పద్ధతికి దూరంగా ఉన్నాయి. మీరు మార్పు జరిగే వారాంతంలో రాష్ట్ర సరిహద్దు దాటి ప్రయాణించబోతున్నట్లయితే, చేరుకునే చోట అమలులో ఉన్న సమయాన్ని ముందే చూసి రాసిపెట్టుకోండి.

రెండవ పని: ఇంట్లోని గడియారాల లెక్క తీయండి

ఫోన్లు, కంప్యూటర్లు, అంతర్జాలానికి అనుసంధానమైన టీవీలు తమంతట తామే మారతాయి. అయినా శనివారం నాడు సెట్టింగులలోకి వెళ్ళి, సమయం, సమయ మండలం రెండూ ఆటోమేటిక్‌గా ఉన్నాయో లేదో చూడండి. ప్రయాణంలో ఎప్పుడో చేత్తో మార్చి, తిరిగి సరిచేయడం మరచిపోయిన ఫోన్లే ఆదివారం ఉదయం మోసం చేస్తాయి. రేడియో సంకేతంతో నడిచే గోడ గడియారాలు అమెరికాలో కొలరాడో నుంచి, మధ్య ఐరోపాలో ఫ్రాంక్‌ఫర్ట్ సమీపం నుంచి వచ్చే ప్రసారాన్ని అందుకుని సరిపడతాయి. సంకేతం బలహీనంగా ఉండే గదిలో అవి మారడానికి ఒకటి రెండు రాత్రులు పట్టవచ్చు కాబట్టి వాటితో కుస్తీ పట్టనక్కరలేదు.

మైక్రోవేవ్, ఓవెన్, పాత కార్లలోని గడియారం, చేతి గడియారం, తోటకు నీళ్ళు పెట్టే టైమర్, పాత థర్మోస్టాట్, నిఘా కెమెరా వంటివి మీ చేతి మీదుగానే మారాలి. వీటిని ఆదివారం తీరిక చూసుకుని మార్చవచ్చు. నిద్ర లేపే అలారం గడియారాన్ని మాత్రం శనివారం రాత్రి పడుకునే ముందే మార్చి, ఇంట్లో ఆ పని ఎవరు చేస్తున్నారో ఒకరికొకరు చెప్పుకోండి. ఇద్దరూ విడివిడిగా జరిపితే అది రెండు గంటలు జరుగుతుంది.

వైద్య పరికరాలను అన్నిటికంటే శ్రద్ధగా చూడాలి. ఇన్సులిన్ పంపులు, గ్లూకోజ్ మీటర్లలో చాలావరకు చేత్తో మార్చవలసినవే. పంపులో పగటికీ రాత్రికీ వేర్వేరు మోతాదులు నిర్ణయించి ఉంటాయి కాబట్టి, గంట మార్చేటప్పుడు ఏఎం, పీఎం తారుమారు కాకుండా రెండుసార్లు సరిచూసుకోండి. గంట తేడా కంటే ఆ 12 గంటల తేడా ఎంతో ప్రమాదకరం.

అమెరికాలో అగ్నిమాపక శాఖలు ఈ రోజును పురస్కరించుకుని పొగ హెచ్చరిక పరికరాలను పరీక్షించమని, అవసరమైతే బ్యాటరీలు మార్చమని చెబుతుంటాయి. గడియారాల కోసం ఎలాగూ నిచ్చెన వేస్తారు కాబట్టి ఆ పనిని కూడా అప్పుడే ముగించడం మంచిది.

మూడవ పని: శరీరాన్ని ముందుగా జరపండి

మెదడులోని హైపోథాలమస్‌లో ఉండే చిన్న కణసమూహం మన నిద్ర, మెలకువ, శరీర ఉష్ణోగ్రత, హార్మోన్ల లయను నడిపిస్తుంది. కంటిలో పడే వెలుతురును బట్టి అది ప్రతిరోజూ తనను తాను సరిచేసుకుంటుంది. ఉదయపు వెలుతురు ఆ లయను ముందుకు తెస్తుంది, రాత్రి పడే వెలుతురు ఆలస్యం చేస్తుంది. మనుషుల్లో ఆ లయ సగటున 24 గంటల కంటే కొద్దిగా ఎక్కువ. అందువల్ల ఆలస్యంగా పడుకోవడం మనకు సులభం, తొందరగా పడుకోవడం కష్టం. వసంతకాలపు మార్పు శరదృతువులోని మార్పు కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టడానికి ముఖ్య కారణం ఇదే. దీనికి తోడు ఆ మార్పు తరువాత ఉదయం చీకటిగా ఉండి, సాయంత్రం వెలుతురు ఎక్కువసేపు నిలవడం వల్ల వెలుతురు కూడా శరీరాన్ని మనకు కావలసిన దిశకు ఎదురుగా లాగుతుంది.

కాబట్టి గడియారం ముందుకు జరిగే ఆదివారానికి నాలుగు రోజుల ముందు, అంటే బుధవారం రాత్రి నుంచి, ప్రతి రాత్రీ 15 నిమిషాలు ముందుగా పడుకుని, ప్రతి ఉదయం 15 నిమిషాలు ముందుగా లేవండి. పడుకునే వేళను మాత్రమే జరిపి లేచే వేళను అలాగే ఉంచితే ప్రయోజనం తక్కువ. నిద్ర రావడం మన చేతిలో లేదు, లేవడం, లేచిన వెంటనే వెలుతురులోకి రావడం మన చేతిలో ఉన్నాయి. రాత్రి భోజనాన్ని కూడా అదే లెక్కన ముందుకు తెచ్చుకోండి. కాఫీ, టీలను మధ్యాహ్నంతో ఆపేయండి. సూర్యాస్తమయం తరువాత ఇంట్లో దీపాల కాంతిని తగ్గించి, పడుకునే ముందు గంటసేపు తెరలకు దూరంగా ఉండండి.

నాలుగు రోజులు కుదరకపోతే రెండు రోజులైనా, 30 నిమిషాల చొప్పున జరపండి. అదీ వీలుకాకపోతే ఆదివారం ఉదయం కొత్త సమయం ప్రకారం మామూలు వేళకే లేచి, బయట కనీసం అరగంట నడవండి. పోయిన గంటను పూడ్చుకోవాలని ఆదివారం పొద్దెక్కేదాకా పడుకోవడం చాలామంది చేసే పని, నా దృష్టిలో అది అన్నిటికంటే చెడ్డ ఉపాయం. అలా చేస్తే ఆ రాత్రి నిద్ర పట్టక, సోమవారం ఉదయానికి లోటు రెండింతలవుతుంది. మరీ మగతగా ఉంటే మధ్యాహ్నం 20 నిమిషాలకు మించకుండా కునుకు తీయండి.

స్వభావరీత్యా ఆలస్యంగా పడుకునేవారికి, ముఖ్యంగా కౌమారంలో ఉన్న పిల్లలకు, ఈ సర్దుబాటు ఎక్కువ రోజులు పడుతుంది. వారిని సోమరితనం పేరుతో మందలించే బదులు, ఆ వారంలో ఉదయపు పరీక్షలు, దూర ప్రయాణాలు వంటివి మీ చేతిలో ఉన్నంతవరకు పెట్టకుండా చూడండి.

నాలుగవ పని: ఆ రాత్రిని లెక్క వేయండి

అమెరికా లెక్కన చూస్తే, వసంతంలో ఆ రాత్రి 1:59 తరువాత 3:00 వస్తుంది కాబట్టి 2:30 అనే వేళ ఆ రోజు ఉండనే ఉండదు. శరదృతువులో 1:59 తరువాత మళ్ళీ 1:00 వస్తుంది కాబట్టి 1:30 రెండుసార్లు వస్తుంది. నిద్రపోయేవారికి ఇది పట్టదు. మేలుకుని పని చేసేవారికి చాలా పడుతుంది.

మీరు రాత్రి 11 నుంచి ఉదయం 7 వరకు డ్యూటీలో ఉంటే, వసంతంలో 7 గంటలు, శరదృతువులో 9 గంటలు పని చేసినట్లు. గంటల లెక్కన వేతనం పొందేవారికి అమెరికా ఫెడరల్ నిబంధనల ప్రకారం నిజంగా పని చేసిన గంటలకే చెల్లించాలి, అంటే శరదృతువులో ఆ తొమ్మిదవ గంటకు కూడా వేతనం రావాలి. హాజరు పట్టీలో యంత్రం 8 గంటలే చూపిస్తే, జీతం చేతికి వచ్చేదాకా ఆగకుండా మరుసటి రోజే అడగండి. ఇతర దేశాలలో మీ ఒప్పందంలో ఏముందో చదువుకోండి.

మందుల విషయం కూడా ఇలాంటిదే. 8 గంటలకు ఒకసారి వేసుకునే మందును శనివారం రాత్రి 10 గంటలకు వేసుకుంటే, తరువాతి మోతాదు వసంతంలో కొత్త సమయం ప్రకారం ఉదయం 7కు, శరదృతువులో ఉదయం 5కు పడాలి. రోజుకు ఒకసారి వేసుకునే మందుల్లో అధిక భాగానికి గంట అటూ ఇటూ అయినా హాని లేదు, నేరుగా కొత్త వేళకు మారిపోవచ్చు. వేళ తప్పకూడదని వైద్యులు గట్టిగా చెప్పిన మందు ఏదైనా ఉంటే, ముందు వారంలోనే వారిని అడిగి తెలుసుకోండి.

ఆస్పత్రిలోనో, నియంత్రణ గదిలోనో రాత్రి నమోదులు రాసేవారు శరదృతువులో పునరావృతమయ్యే గంటకు ఏదో ఒక గుర్తు పెట్టాలి. ఆ గంట మధ్యలో కవలలు పుడితే, మొదట 1:55కు పుట్టిన శిశువు పెద్దదై, గడియారం వెనక్కి జరిగాక 1:10కి పుట్టిన శిశువు చిన్నదవుతుంది. పుట్టిన వేళలను మాత్రమే చూసేవారికి క్రమం తలకిందులుగా కనిపిస్తుంది. కంప్యూటర్లను నిర్వహించేవారు ఆటోమేటిక్‌గా నడిచే పనులను 1 గంటకూ 3 గంటలకూ మధ్య పెట్టకపోవడం మేలు, ఎందుకంటే ఆ వేళ ఒకసారి అసలు రాదు, మరొకసారి రెండుసార్లు వస్తుంది. నమోదులను యూటీసీలో ఉంచితే ఈ బాధ ఉండదు.

ఐదవ పని: పిల్లలను, జంతువులను మెల్లగా మార్చండి

పసిపిల్లలకు గడియారంతో నిమిత్తం లేదు. శరదృతువులో పాత సమయం ప్రకారం 6కు లేచే బిడ్డ కొత్త సమయం ప్రకారం 5కే లేస్తుంది, తల్లిదండ్రులకు కలిసివచ్చిందనుకున్న గంట అక్కడే పోతుంది. పగటి నిద్ర, పాలు, స్నానం, రాత్రి నిద్ర అన్నిటినీ కలిపి రెండు మూడు రోజులకు 15 నిమిషాల చొప్పున జరపండి. బిడ్డ తెల్లవారుజామునే లేచినా వెంటనే దీపం వేయకుండా, గదిని చీకటిగా ఉంచి కొంతసేపు ఆగండి.

పెంపుడు కుక్కలకు, పిల్లులకు కూడా ఆహారపు వేళను ఇలాగే జరపాలి. పశువుల పాలు పితికే వేళ ఒక్కసారిగా గంట మారితే వాటికి అసౌకర్యం కలుగుతుంది. గడియారాలు జరిపే పద్ధతి రైతుల కోసమే పుట్టిందన్న మాట చాలాచోట్ల వినిపిస్తుంది కానీ, వాస్తవం దానికి విరుద్ధం. జర్మనీ 1916 ఏప్రిల్ 30న యుద్ధకాలపు పొదుపు కోసం దీనిని మొదలుపెట్టింది. 1918లో ప్రారంభించిన అమెరికా, రైతుల వ్యతిరేకత బలంగా ఉండడంతో 1919లోనే దేశవ్యాప్త అమలును రద్దు చేసింది.

ఆరవ పని: తరువాతి వారంలో రోడ్డు మీద జాగ్రత్తగా ఉండండి

ఈ విషయాన్ని తేలికగా తీసుకోవద్దు. అమెరికాలోని ప్రమాదాల నమోదులను విశ్లేషించి 2020లో ప్రచురించిన ఒక పరిశోధన, వసంతకాలపు మార్పు తరువాతి పనిదినాల వారంలో ప్రాణాంతక రోడ్డు ప్రమాదాలు సుమారు 6 శాతం పెరుగుతున్నట్లు చూపింది. స్వీడన్ నమోదుల ఆధారంగా 2008లో వెలువడిన మరొక పరిశోధన, ఆ తొలి రోజులలో గుండెపోటు కేసులు కొద్దిగా పెరిగినట్లు గమనించింది. ఇవి ఒక్కొక్కరి విషయంలో పెద్ద ప్రమాదాలు కావు. అయితే గుండె జబ్బు ఉన్నవారు ఆ వారంలో కఠినమైన శ్రమను, నిద్రలేమిని తగ్గించుకోవడం వివేకం. సోమవారం నుంచి రెండు మూడు రోజులు కాస్త ముందుగా బయలుదేరి, తొందర లేకుండా నడపండి.

శరదృతువులో ప్రమాదం సాయంత్రానికి మారుతుంది. నిన్నటిదాకా వెలుతురులో ఇంటికి చేరినవారు ఒక్కసారిగా మసక చీకటిలో ప్రయాణిస్తారు, పాదచారులు కనిపించడం కష్టమవుతుంది. నడిచేవారు, సైకిల్ తొక్కేవారు లేత రంగు బట్టలు, వెలుతురు పడితే మెరిసే పట్టీలు వాడాలి. జింకలు తిరిగే ప్రాంతాలలో వాటి సంచారం సంధ్యవేళ ఎక్కువగా ఉంటుంది. సరిగ్గా ఆ వేళలోకే వాహనాల రద్దీ వచ్చి పడుతుంది కాబట్టి వేగం తగ్గించండి. కారు దీపాలను, అద్దాలను ముందు వారంలోనే శుభ్రం చేసి పెట్టుకోండి.

శరదృతువులో శరీరానికి మరొక చిక్కు ఉంది. సాయంత్రాలు హఠాత్తుగా చీకటి పడడంతో కొందరిలో ఉత్సాహం తగ్గుతుంది. మధ్యాహ్న భోజన విరామంలో బయటకు వెళ్ళి నడవడాన్ని శీతాకాలమంతా నియమంగా పెట్టుకోండి. దిగులు వారాల తరబడి వదలకపోతే వైద్యుని సంప్రదించండి, అది ఋతువును బట్టి వచ్చే కుంగుబాటు కావచ్చు, దానికి చికిత్స ఉంది.

ఏడవ పని: దూరదేశాల వారితో సమావేశాలను సరిచూసుకోండి

అందరూ ఒకే రోజు మారరు కాబట్టి, మధ్యలో సమయపు తేడా మారిపోయే వారాలు ఉంటాయి. న్యూయార్క్‌కూ లండన్‌కూ మధ్య ఏడాదిలో ఎక్కువ భాగం 5 గంటల తేడా ఉంటుంది. 2026లో అమెరికా మార్చి 8న, బ్రిటన్ మార్చి 29న మారతాయి కాబట్టి ఆ మూడు వారాలు తేడా 4 గంటలే. తిరిగి అక్టోబర్ 25 నుంచి నవంబర్ 1 వరకు కూడా 4 గంటలే. వసంతంలో ఈ వ్యవధి ఏడాదిని బట్టి రెండు లేదా మూడు వారాలు, శరదృతువులో ఎప్పుడూ ఒక వారం ఉంటుంది.

రెండు అర్ధగోళాల మధ్య వ్యవహారం మరింత చిత్రంగా ఉంటుంది. లండన్ ముందుకు జరిగిన కొద్ది రోజులకు సిడ్నీ వెనక్కి జరుగుతుంది. అందువల్ల వాటి మధ్య తేడా ఉత్తరార్ధగోళపు శీతాకాలంలో 11 గంటలు, వేసవిలో 9 గంటలు, మధ్యలోని కొద్ది వారాలు 10 గంటలు. భారత్, చైనా, జపాన్ వంటి దేశాలలో గడియారం మారదు కాబట్టి అక్కడివారితో లెక్క సులభం: మీ గడియారం జరిగిన రోజే తేడా మారుతుంది. అయితే ఆ మార్పు మీకు తెలిసినంత సులభంగా వారికి తెలియదు, చెప్పవలసిన బాధ్యత గడియారం జరిపేవారిదే.

కేలండర్‌లో ప్రతివారం జరిగే సమావేశం, దానిని సృష్టించినవారి సమయ మండలానికి కట్టుబడి ఉంటుంది. అందువల్ల మార్చి మొదట్లోనే ఒకసారి కూర్చుని, ఏ సమావేశం ఎవరి నగరపు వేళకు కట్టుబడి ఉండాలో తేల్చుకోండి. ఆహ్వానంలో ఈఎస్‌టీ (న్యూయార్క్ శీతాకాలపు సమయం), జీఎంటీ (లండన్ శీతాకాలపు సమయం) వంటి సంక్షిప్తాలకు బదులు నగరం పేరు ఎంచుకోండి. జూలైలో న్యూయార్క్ ఈఎస్‌టీలో ఉండదు, ఈడీటీలో (అక్కడి వేసవి సమయంలో) ఉంటుంది, లండన్ జీఎంటీలో ఉండదు. సంక్షిప్తం రాసినవారు ఒకటి అనుకుంటే చదివినవారు మరొకటి లెక్కిస్తారు. నగరం పేరు పెడితే ఆ నగరంలో అమలయ్యే నియమాలను యంత్రమే చూసుకుంటుంది. ముఖ్యమైన సమావేశమైతే పక్కనే యూటీసీ సమయం కూడా రాయండి.

ఎనిమిదవ పని: చట్టం మారుతుందేమో చూస్తూ ఉండండి

ఈ నియమాలు శాశ్వతం కావు. రష్యా 2011లో ఏడాది పొడవునా వేసవి సమయాన్ని (గంట ముందుకు జరిపిన సమయాన్ని) నిలిపి, 2014లో శీతాకాలపు సమయానికి (జరపని ప్రామాణిక సమయానికి) మారింది. టర్కీ 2016లో వేసవి సమయం దగ్గరే ఆగిపోయింది. బ్రెజిల్ 2019లోను, మెక్సికోలోని అధిక భాగం 2022లోను ఈ పద్ధతిని వదిలేశాయి, ఈజిప్టు 2023లో తిరిగి తెచ్చుకుంది. ఐరోపా పార్లమెంట్ 2019లో రద్దుకు ఓటు వేసినా సభ్య దేశాల మధ్య అంగీకారం కుదరలేదు. అమెరికా సెనేట్ 2022లో శాశ్వత వేసవి సమయానికి ఆమోదం తెలిపినా ఆ బిల్లు ప్రతినిధుల సభలో ముందుకు సాగలేదు. అదే దేశం 1974 జనవరిలో ఏడాది పొడవునా వేసవి సమయాన్ని ప్రయత్నించి, పిల్లలు చీకట్లో బడికి వెళ్ళవలసి రావడంతో ప్రజలు వ్యతిరేకించగా ఆ అక్టోబర్‌లోనే వెనక్కి తగ్గింది. నిద్ర వైద్యులు ఎక్కువగా ప్రామాణిక సమయాన్నే శాశ్వతం చేయమంటున్నారు, ఉదయపు వెలుతురు గురించి చెప్పుకున్నదాన్ని బట్టి చూస్తే నాకూ అదే సబబుగా తోస్తుంది.

వార్తల్లో రద్దు అన్న మాట కనిపించగానే గడియారం జరపడం మానేయకండి, ప్రభుత్వ ప్రకటనలో అమలు తేదీ ఉందో లేదో చూడండి. ప్రభుత్వం ఆఖరి క్షణంలో నిర్ణయం మార్చుకుంటే ఫోన్లలోని సమాచారం దానిని అందుకోలేదు. 2023 మార్చిలో లెబనాన్‌లో అదే జరిగింది: ప్రభుత్వం మార్పును వాయిదా వేస్తే కొన్ని సంస్థలు ఒప్పుకోక, కొద్ది రోజులు దేశంలో రెండు సమయాలు నడిచాయి. మీరున్న చోట అలాంటి పరిస్థితి వస్తే ఫోన్‌లో ఆటోమేటిక్ అమరికను తాత్కాలికంగా ఆపి, సమయాన్ని చేత్తో పెట్టుకోండి, విమానం లేదా రైలు ఏ సమయం ప్రకారం బయలుదేరుతుందో ఆ సంస్థనే అడగండి. మామూలు రోజుల్లో ఫోన్, కంప్యూటర్ అప్‌డేట్‌లను ఎప్పటికప్పుడు చేసుకుంటూ ఉంటే, కొత్త నియమాలు మార్పు తేదీకి ముందే వాటిలోకి చేరతాయి. అప్‌డేట్‌లు ఆగిపోయిన పాత ఫోన్‌ను అలారంగా వాడుతున్నవారు మాత్రం ఆ శనివారం రాత్రి దాని పక్కన మరొక అలారం పెట్టుకోవాలి.